ఓక్ పీపాలో పెరిగిన వైట్ వైన్: ఎవరికి ఏది నప్పుతుంది?

“ఓక్ వాసనొచ్చే వైట్ వైన్ నాకు పడదు” అనేవాళ్ళు చాలామంది తగులుతుంటారు. ఏం పడలేదని కాస్త గుచ్చి అడిగితే జవాబులు మూడు రకాలుగా వస్తాయి. ఒకరికి ముక్కుకి కొట్టే వెనిల్లా వాసన విసుగు. ఇంకొకరికి వెన్న పూసినట్టుండే జిడ్డు రుచి నచ్చదు. మరొకరికి మింగాక నాలుక మీద మిగిలే వగరు ఇబ్బంది. ఈ మూడూ వైన్‌లోకి ఒకే దారిన రావు. అందులో ఒకదానికైతే ఓక్ చెక్కతో సంబంధమే లేదు.

కాబట్టి కొట్లో నిలబడి “ఓక్ ఉందా, లేదా” అని అడిగితే సగం సమాచారమే దొరుకుతుంది. పీపా కొత్తదా పాతదా, ఎంత పెద్దది, వైన్ అందులోకి ఏ దశలో వెళ్ళింది అని అడగండి. ఈ మూడు తెలిస్తే మూత తీయకముందే రుచి చాలావరకు ఊహించొచ్చు.

ముందు వెన్న సంగతి

ఓక్ మీద పడే నిందల్లో పెద్దది ఇదే. ద్రాక్షరసంలో సహజంగా మాలిక్ ఆమ్లం ఉంటుంది. పచ్చి యాపిల్ కొరికినప్పుడు పళ్ళు జివ్వుమనే పులుపు అదే. మొదటిసారి పులిసి చక్కెర ఆల్కహాల్‌గా మారాక, ఈనోకాకస్ ఈనీ అనే బ్యాక్టీరియా ఈ మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. అది పెరుగులో ఉండే మెత్తటి పులుపు. ఈ మార్పుతో పాటు డైఎసిటైల్ అనే పదార్థం కూడా పుడుతుంది. వెన్న వాసన దానిదే. వైన్ చేసేవాళ్ళు దీన్ని ముద్దుగా “మాలో” అంటారు. ఇది స్టీల్ ట్యాంకులోనూ నిక్షేపంగా జరుగుతుంది.

అంటే పీపా ముఖం చూడని వైన్‌కి వెన్న వాసన ఉండొచ్చు, ఏడాది పీపాలో ఉన్న వైన్‌కి అసలు లేకపోవచ్చు. 1976లో పారిస్‌లో జరిగిన పేరుపడ్డ బ్లైండ్ టేస్టింగ్‌లో (పేర్లు దాచి రుచి చూసే పోటీలో) ఫ్రెంచ్ వైట్ వైన్లను దాటి మొదటి స్థానంలో నిలిచింది కాలిఫోర్నియాకి చెందిన షాటో మాంటెలీనా 1973 షార్డనే (షార్డనే ఒక తెల్ల ద్రాక్ష రకం, దాంతో చేసిన వైన్‌దీ అదే పేరు). ఆ వైనరీ పీపా వాడుతుంది గానీ తన షార్డనేకి మాలో జరగనివ్వదు. అందుకే అందులో పులుపు పదును పోదు.

ఇంకో తమాషా ఉంది. ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో దాదాపు అందరూ మాలో పూర్తిగా జరగనిస్తారు, అయినా అక్కడి మంచి వైన్లు వెన్న ముద్దలా ఉండవు. పీపా అడుగున పేరుకున్న ఈస్ట్ మడ్డి ఆ డైఎసిటైల్‌ని మెల్లగా కరిగించేస్తుంది. మడ్డితో ఎక్కువ కాలం ఉంచిన వైన్‌లో వెన్న వాసన తగ్గి, కాల్చిన బ్రెడ్, హేజెల్‌నట్ లాంటి వాసనలు ముందుకొస్తాయి. మీకు పడనిది వెన్నే అయితే ఓక్‌ని వదిలేయక్కర్లేదు. మాలో ఆపేసిన సీసా గానీ, మడ్డితో చాన్నాళ్ళు ఉన్న సీసా గానీ చూసుకోండి.

కొత్త పీపా, పాత పీపా, పెద్ద పీపా

బర్గండీలో వాడే పీపా 228 లీటర్లది. బోర్డోలోది 225. ఒక్కోదాంట్లోంచి సుమారు 300 సీసాలు వస్తాయి. పీపా చేసేటప్పుడు బద్దలు వంగడానికి, రుచి రావడానికి లోపలి వైపు మంట చూపిస్తారు. ఆ వేడికి చెక్కలోని లిగ్నిన్ విరిగి వెనిలిన్ తయారవుతుంది. వెనిల్లా వాసన ఇక్కడిది. హెమిసెల్యులోజ్ విరిగితే కాలిన పంచదార వాసన. యూజెనాల్ వల్ల లవంగం ఘాటు, మంట ఎక్కువైతే గ్వాయకాల్ వల్ల పొగ.

ఈ సరుకంతా మొదటిసారి నింపిన వైన్‌లోకే ఎక్కువగా దిగుతుంది. రెండోసారికి బాగా తగ్గుతుంది. మూడు నాలుగు పంటలు దాటాక పీపాకి చెప్పుకోదగ్గ వాసన మిగలదు. మరి పాత పీపా ఎందుకు ఉంచుకుంటారంటే, అది గాలి పీలుస్తుంది కనక. చెక్క గుండా, బద్దల సందుల గుండా ఆక్సిజన్ అతి కొద్దిగా లోపలికి వెళ్తుంటుంది. ఆ కొద్దిపాటి గాలికి వైన్ మెత్తబడుతుంది, నోట్లో గుండ్రంగా, నిండుగా తగులుతుంది. స్టీల్ ట్యాంకులో ఈ మార్పు రాదు. వాసన లేకుండా వైన్‌కి నిండుతనం మాత్రం ఇచ్చే పని పాత పీపాది. “ఓక్ పడదు” అనేవాళ్ళకి ఏమీ చెప్పకుండా పాత పీపా వైన్ పోస్తే చాలాసార్లు రెండో గ్లాసు అడుగుతారు.

సీసా వెనకో, తయారీదారు ఇచ్చే కాగితంలోనో “30 శాతం కొత్త ఓక్” అని ఉందంటే, ప్రతి 10 పీపాల్లో 3 కొత్తవి, మిగతావి పాతవి, చివరికి అన్నీ కలిపారని అర్థం. నా లెక్కలో 15 నుంచి 30 శాతం దాకా హాయిగా ఉంటుంది. 100 శాతం కొత్త ఓక్‌ని మోయగలిగే ద్రాక్ష తక్కువ. మోస్తే అద్భుతం, మోయలేకపోతే ఫర్నిచర్ షాపులో కూర్చున్నట్టు ఉంటుంది.

పరిమాణం మాట చాలామంది పట్టించుకోరు. పీపా పెద్దదయ్యేకొద్దీ ఒక్కో లీటరుకి తగిలే చెక్క తగ్గుతుంది. అదే ఆకారంలో 500 లీటర్ల పీపా చేస్తే, 228 లీటర్ల దాంతో పోల్చినప్పుడు లీటరుకి దాదాపు పావు వంతు తక్కువ చెక్క తగులుతుంది. 600 లీటర్ల డెమీ మ్యూయీ, జర్మనీలో 1,000 లీటర్ల ఫూడర్, వేల లీటర్లు పట్టే ఫూద్ర్ దాకా వెళ్తే ఇక వాసన గొడవే లేదు. రీస్లింగ్ లాంటి సున్నితమైన ద్రాక్షను ఏళ్ళ తరబడి వాడిన పెద్ద పీపాల్లో ఉంచడం అందుకే.

ఫ్రెంచ్ చెక్కా, అమెరికన్ చెక్కా

అమెరికన్ వైట్ ఓక్‌లో లాక్టోన్లు ఎక్కువ. వాటి వాసన అచ్చం కొబ్బరి. దానికి తీపి వెనిల్లా తోడవుతుంది. ఫ్రెంచ్ ఓక్‌లో ఆ కొబ్బరి బాగా తక్కువ, దాని బదులు మసాలా ఘాటు, కాస్త వగరు ఉంటాయి. ట్రాన్సే, అల్యే, వోజ్ అడవుల పేర్లు పీపాల మీద కనిపిస్తుంటాయి. చెక్క నార ఎంత సన్నగా ఉంటే వాసన అంత నెమ్మదిగా దిగుతుందని పీపాలు చేసేవాళ్ళ అనుభవం.

ఫ్రెంచ్ పీపా ధర ఎక్కువ. ఆ తేడాకి కారణం కోతలో ఉంది. అమెరికన్ ఓక్ చెక్కలోని సన్నటి గొట్టాల్లో సహజంగానే బిరడాల్లాంటివి ఏర్పడి మూసుకుపోతాయి, అందుకని దుంగని రంపంతో ఎలా కోసినా కారదు. ఫ్రెంచ్ ఓక్‌ని నార వెంబడి చీల్చాలి, లేకపోతే కారుతుంది. చీలిస్తే దుంగలో చాలా భాగం వృథా. పైగా బద్దల్ని రెండు మూడేళ్ళు ఆరుబయట ఎండకీ వానకీ వదిలేస్తే గానీ పచ్చి వగరు పోదు. ఈ ఆరబెట్టడంలో తొందరపడిన పీపా దొరికిపోతుంది. కొత్తగా చిత్రిక పట్టిన చెక్కపొట్టు వాసన వైన్‌లో వస్తే అనుమానించాల్సింది ముందు దాన్నే.

పులిసింది ఎక్కడ?

పీపాలోనే పులియబెట్టిన వైన్ కంటే, ట్యాంకులో పులియబెట్టి ఆ తరవాత పీపాలో పోసిన వైన్‌కే ఓక్ వాసన ఎక్కువ కొడుతుంది. మొదటిసారి విన్నప్పుడు నేనూ నమ్మలేదు. ఎక్కువ కాలం చెక్కలో ఉన్నదానికే కదా వాసన ఎక్కువ ఉండాలి అనుకుంటాం.

లోపల జరిగేది వేరు. రసం పీపాలో పులుస్తున్నప్పుడు కోట్లకొద్దీ ఈస్ట్ కణాలు బతికి ఉంటాయి. చెక్కలోంచి దిగే వెనిలిన్‌ని అవి పట్టుకుని, పెద్దగా వాసన లేని వేరే పదార్థంగా మార్చేస్తాయి. పని అయిపోయి చచ్చిన కణాలు అడుగున మడ్డిగా చేరి, ఇంకొంత ఓక్ సరుకునీ వగరునీ తమకి అంటించుకుంటాయి. ట్యాంకులో పులిసి, వడకట్టి, తేటగా పీపాలోకి వచ్చిన వైన్‌కి ఈ కాపలా ఉండదు. చెక్క ఇచ్చిందంతా నేరుగా తాగేస్తుంది. రంగు కూడా అంతే. పీపాలో పులిసి మడ్డి మీదే ఉన్న వైన్ చాలాసార్లు లేత గడ్డి రంగులో ఉంటే, తరవాత పోసింది ముదురు పసుపుకి తిరుగుతుంది.

మడ్డిని మధ్యమధ్యలో కర్రతో కలుపుతారు, దాన్ని బాతొనాజ్ అంటారు. పీపా పైన ఉన్న రంధ్రంలోంచి వంకీ తిరిగిన కడ్డీ దింపి నాలుగు సార్లు తిప్పగానే, తేటగా ఉన్న వైన్ పాలలా తెల్లబడుతుంది. వారానికోసారో రెండు వారాలకోసారో ఇలా చేస్తే నోట్లో మీగడలాంటి ఒత్తు వస్తుంది. మరీ ఎక్కువ చేస్తే బరువెక్కి మొద్దుబారుతుంది కూడా. ఈమధ్య చాలామంది తగ్గించేశారు. అలాగే పీపాలోంచి ఆవిరై కొంచెం కొంచెం తగ్గుతుంటే, ఆ ఖాళీని అదే వైన్‌తో నింపుతూ ఉండాలి. ఆ పనిలో బద్ధకిస్తే పైన చేరిన గాలి వైన్‌ని పాడుచేస్తుంది.

లేబుల్ మీద “బ్యారెల్ ఫర్మెంటెడ్” అని ఉంటే ఓక్ కలిసిపోయి ఉంటుందని ఆశించొచ్చు. “ఓక్డ్” అని మాత్రమే ఉంటే ఏ పద్ధతో తెలీదు. “స్యూర్ లీ” అంటే మడ్డి మీద ఉంచారని అర్థం, అందులో ఓక్ ఉందని కాదు.

ఇక పీపా లేకుండా ట్యాంకులో ఓక్ ముక్కలో బద్దలో వేసే దారి ఒకటుంది. యూరోపియన్ యూనియన్ 2006లో దీన్ని అనుమతించింది. ఇది మోసమేమీ కాదు. కానీ ముక్కలు వాసన ఇస్తాయి, పీపా ఇచ్చే నిదానమైన గాలిని ఇవ్వవు. వాసన చూడగానే వెనిల్లా గుప్పుమని, నోట్లో పెట్టాక మధ్యలో పల్చగా ఖాళీగా అనిపిస్తే ఈ దారి అయ్యుండొచ్చు. ఈ ఏడాది కొని ఈ ఏడాదే తాగేయడానికి పర్లేదు. దాచుకోవడానికి మాత్రం వద్దు.

ప్రాంతాన్ని బట్టి

షార్డనే తాగుతూ ఓక్ వద్దనుకుంటే బర్గండీలోని షబ్లీ దగ్గర మొదలుపెట్టండి. అక్కడ మామూలు షబ్లీ ఎక్కువగా స్టీల్‌లోనే ఉంటుంది. సున్నపురాయి నేల, చల్లని వాతావరణం, నిమ్మ పులుపు. అయితే గ్రాండ్ క్రూ (అత్యున్నత శ్రేణి తోటల) స్థాయికి వెళ్తే కథ మారుతుంది. రావెనో, డొవిస్సా లాంటి వైన్ తయారీ కుటుంబాలవాళ్ళు ఎక్కువగా పాత పీపాలే వాడతారు, 132 లీటర్ల చిన్న ఫ్యుయ్యెత్‌లు కూడా వాళ్ళ దగ్గర ఉన్నాయి. అయినా ఆ వైన్లలో చెక్క వాసన వెతికినా దొరకదు. పాత పీపా ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి పాఠం లేదు, ఫీజు ఎక్కువన్న మాటే గానీ.

బర్గండీ ఊళ్ళైన మెర్సో, ప్యులినీ మాంత్రాషేల్లో పీపాలో పులియబెట్టడం, అందులోనే ఏడాదో ఏడాదిన్నరో ఉంచడం రివాజు. మెర్సో కాస్త వెడల్పుగా, గింజల రుచితో ఉంటే, ప్యులినీ బిగువుగా నిటారుగా ఉంటుందని పాతకాలం నుంచి చెప్పే మాట. చేసే చేతిని బట్టి ఇది తారుమారవుతుంది, ఊరి పేరు చూసి మరీ పందెం కాయొద్దు.

కాలిఫోర్నియా, ఆస్ట్రేలియా షార్డనేలు 1980, 90ల్లో బాగా పండిన ద్రాక్షకి కొత్త ఓక్ దట్టించి పేరు తెచ్చుకున్నాయి, ఆ పేరుతోనే కొంతమందిని దూరం చేసుకున్నాయి కూడా. షార్డనే తప్ప ఏదైనా ఇవ్వండి అనే మాట పుట్టింది అప్పుడే. కాలిఫోర్నియాలో ఆ బరువైన ధోరణి ఇప్పటికీ దొరుకుతుంది, ఇష్టపడేవాళ్ళు ఇష్టంగానే తాగుతున్నారు. ఆస్ట్రేలియా మాత్రం చాలావరకు దిశ మార్చింది. యారా వ్యాలీ, మార్గరెట్ రివర్ సీసాల్లో ఇప్పుడు అప్పుడే అగ్గిపుల్ల గీసినట్టుండే వాసన తగులుతుంటుంది. అది కాల్చిన పీపాదే అనుకుంటారు. నిజానికి మడ్డి దగ్గర పుట్టే గంధకపు పదార్థాలది. కొంచెం ఉంటే నాకు చాలా ఇష్టం, ఎక్కువైతే గ్లాసు పక్కన పెట్టేస్తాను.

స్పెయిన్‌లోని రియోహా దారే వేరు. వ్యూరా ద్రాక్షని అమెరికన్ ఓక్‌లో ఏళ్ళ తరబడి ఉంచే పాత సంప్రదాయం అక్కడ ఉంది. ఆరో (Haro) అనే పట్టణంలో 1877లో మొదలైన లోపెస్ దె ఎరేదియా ఇప్పటికీ తన పీపాలు తనే చేసుకుంటూ ఆ పద్ధతి నడుపుతోంది. వాళ్ళ తొందోనియా వైట్ మొదటిసారి పోసుకుంటే పాడైందేమో అనిపిస్తుంది. బంగారం రంగు, తేనెమైనం వాసన, వాల్‌నట్ తొక్క చేదు. పావుగంట ఆగితే దాని అడుగున నిమ్మ పులుపు ఇంకా చెక్కుచెదరకుండా ఉందని తెలుస్తుంది. రియోహా నియమాల ప్రకారం వైట్ రెసెర్వా కనీసం 2 ఏళ్ళు, గ్రాన్ రెసెర్వా కనీసం 4 ఏళ్ళు నిలవాలి, రెండింటికీ పీపాలో కనీసం 6 నెలలు. అదే రియోహాలో “ఫెర్మెంతాదో ఎన్ బర్రికా” అని రాసి ఉంటే పీపాలో పులిసిన వైన్ అని అర్థం. తాజాగా, పండు రుచితో వచ్చే కొత్త తరహా ఇది. ఒకటి అనుకుని ఇంకోటి కొంటే నిరాశ తప్పదు.

సోవిన్యోఁ బ్లాంక్ ద్రాక్ష అభిమానులు బోర్డోలోని పెసాక్ లెయోన్యాఁ చూడాలి. సెమియోఁ ద్రాక్ష కలిపి పీపాలో పులియబెడతారు, గడ్డి వాసన వెనక్కి తగ్గి మైనంలాంటి ఒత్తు వస్తుంది. 1960ల చివర్లో కాలిఫోర్నియా వైన్ తయారీదారు రాబర్ట్ మొండావి తన పీపా సోవిన్యోఁకి పెట్టిన “ఫ్యూమే బ్లాంక్” అనే పేరు ఇప్పుడు అమెరికాలో ఎవరైనా వాడుకోవచ్చు, పేరుంది కదా అని ఓక్ ఉండి తీరాలనే నియమం లేదు. దక్షిణాఫ్రికా ముదురు తీగల షెనాఁ బ్లాంక్‌కి పాత పీపా బాగా కుదిరింది. ధరకి తగ్గ వైన్ కావాలంటే నా ఓటు దానికే.

రెండు గ్లాసులు పక్కపక్కన

చదివితే వచ్చేది కొంతే. ఒకే ద్రాక్షవి రెండు సీసాలు, ఒకటి స్టీల్‌ది, ఒకటి పీపాది తెచ్చుకుని పక్కపక్కన పోసుకుంటే అరగంటలో తేలిపోతుంది. గ్లాసు కాస్త వెడల్పుది తీసుకోండి, సన్నటిదైతే ఓక్ వాసనే ముందుకి తోసుకొస్తుంది.

చల్లదనం దగ్గర నేనూ ఒకసారి దెబ్బ తిన్నాను. మంచి మెర్సో ఒకటి ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పోశాను. పుల్ల నమిలినట్టుంది, పండు జాడే లేదు. డబ్బు వృథా అనుకుని సగం సీసాకి బిరడా పెట్టి పక్కన పెట్టేశాను. మర్నాడు సాయంత్రం తీసి, పోశాక కాసేపు మాటల్లో పడి మర్చిపోయి, తరవాత గుక్క వేస్తే అది నిన్నటి వైన్ కాదు. పియర్ పండు, వేయించిన గింజలు, చివర్లో ఉప్పగా ఒక జీర. మరీ చల్లగా ఉంటే పండు వాసన నోరు మూసుకుంటుంది, వగరు మాత్రం రెట్టింపు తెలుస్తుంది. స్టీల్ వైన్‌కి 7 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ బాగుంటుంది. పీపా వైన్‌కి 10 నుంచి 13 కావాలి. ఫ్రిజ్‌లోంచి తీసి 20 నిమిషాలు బయట పెడితే చాలు.

గుక్క వేశాక చూడాల్సింది ఓక్ ఎక్కడ ఉందన్నది. ముందు వెనిల్లా, తరవాత పండు, మళ్ళీ చివర్లో వగరు అని విడివిడిగా వరసలో వస్తే రెండూ ఇంకా కలవలేదు. వైన్ ఇంకా లేతదైతే రెండు మూడేళ్ళు ఆగితే కలుస్తుంది. పండు రుచే బలహీనంగా ఉంటే ఎన్నేళ్ళు ఆగినా కలవదు, పండు ఇంకా తగ్గిపోయి చెక్క మిగులుతుంది. మింగాక నోరూరిందా, ఎండిపోయిందా చూడండి. నోరూరితే పులుపు నిలబడి ఉంది. చిగుళ్ళు ఎండినట్టు అనిపిస్తే చెక్క గెలిచింది.

ఎవరికి ఏది

ఇప్పటిదాకా స్టీల్ వైట్లే తాగి, మొదటిసారి పీపా వైపు వస్తున్నవాళ్ళు పాత పీపా షెనాఁ బ్లాంక్‌తో మొదలుపెడితే భయం ఉండదు. నిండుతనం ఇష్టమే గానీ తీపి వాసనలు వద్దంటే మెర్సో తరహా వైన్, కొత్త ఓక్ 20, 30 శాతం దాటనిది. కొబ్బరి, వెనిల్లా బాహాటంగా కావాలనుకునేవాళ్ళు సిగ్గుపడాల్సిన పనేం లేదు. అమెరికన్ ఓక్ అని రాసిన షార్డనే తీసుకోండి, వైన్ లేతగా ఉండగానే తాగేయండి. వింత రుచులంటే సరదా ఉన్నవాళ్ళకి పాత తరహా రియోహా. బహుమతిగా ఇస్తుంటే, అవతలివాళ్ళ ఇష్టం తెలియనప్పుడు పెసాక్ లెయోన్యాఁ క్షేమం. మాంటెలీనా తరహా షార్డనే కూడా అంతే. రెండింట్లోనూ పులుపు నిటారుగా ఉంటుంది.

దాచే ఆలోచన ఉంటే ఒక హెచ్చరిక. 1990ల మధ్యకాలపు పంటల నుంచి వైట్ బర్గండీలో కొన్ని సీసాలు వేళకాని వేళ ముదిరిపోవడం మొదలైంది. ఒకే పెట్టెలో ఒక సీసా బాగుండి పక్కది గోధుమరంగుకి తిరిగి, కోసి వదిలేసిన యాపిల్ వాసన కొట్టడం చాలామంది చూశారు. బిరడాలు, గాలి, సల్ఫర్ తగ్గించడం, రసం పిండే తీరు అంటూ కారణాలు చాలా చెబుతారు, ఒకటే కారణమని తేల్చలేం. అందుకే ఖరీదైన వైట్ బర్గండీ ఆరు సీసాలు కొంటే అన్నీ ఒకేసారి పదేళ్ళకి దాచేయకుండా, నాలుగో ఏడు నుంచి ఏడాదికొకటి తెరిచి చూసుకుంటూ వెళ్ళండి. రంగు ఒక్కసారిగా ముదిరిందా, మిగిలినవి ఆ నెలలోనే తాగేయాలి.